శ్మశానానికి చదును ఎందుకు?



జిల్లాలో మరికొన్ని శ్మశానాలను చదును చేయించి, గచ్చు పోయించి, అలంకరణ మొక్కలు నాటించబోతున్నారన్న వార్త మీ పత్రికలో చదివాను. దహనవాటిక, నీళ్లు, స్నానాల గది, దారి, దీపాలు తప్పకుండా ఉండాలి. వానాకాలంలో పాడె మోస్తూ మోకాలి లోతు బురదలో నడిచినవాళ్లెవరూ వాటిని కాదనరు. 2019లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాల పేరుతో ఈ వసతులు కట్టారు. ఆ మేలును నేను తక్కువ చేయడం లేదు. నా అభ్యంతరమంతా ఆ కాస్త కట్టడం కోసం మూల నుంచి మూలకు జేసీబీ తిప్పడం మీదే.

ఇవాళ ఏ ఊళ్లోనైనా నాగలి పడని నేల ఎంత మిగిలింది? బంచరాయి భూములు పోయాయి, చెరువు శిఖాలు కుంచించుకుపోయాయి, పొలం గట్లు గడ్డిమందుకు మాడిపోతున్నాయి. శ్మశానం మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది. దాన్ని కాపాడింది చట్టం కాదు, మన భయమే. అక్కడి చెట్టు కొట్టి కట్టెలు ఇంటికి తెచ్చుకోరు. అక్కడ దుక్కి లేదు, యూరియా లేదు, కలుపు మందు లేదు. ఖబరస్తాన్ అయినా, క్రైస్తవుల సమాధుల తోట అయినా ఇదే కథ. తరాల తరబడి మట్టి కదలని చోట దుంప మొక్కలు బతుకుతాయి, పాత చింతచెట్లకు తొర్రలు పడతాయి, ఆ తొర్రల్లో గుడ్లగూబలు గుడ్లు పెడతాయి. అపశకునమని మనం ఛీకొట్టే ఆ పిట్ట రాత్రివేళ చుట్టుపక్కల పొలాల్లోని ఎలుకలను వేటాడుతుంది.

పిచ్చిమొక్క అని ముందుగా పెకలించేది జిల్లేడునే కాబట్టి, దాని సంగతే చెబుతాను. కాషాయ రంగు రెక్కలకు నల్లటి అంచు, ఆ అంచులో తెల్లటి చుక్కలు ఉండే సీతాకోకచిలుకను మీ పాఠకులంతా చూసే ఉంటారు. అది జిల్లేడు ఆకు మీద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి బయటికి వచ్చిన చిన్న పురుగు వెంటనే ఆకు తినడం మొదలుపెట్టదు. ఆకు మీద గుండ్రంగా గాడి కొరుకుతుంది. పాలు ఆ గాడిలోంచి కారిపోయాక లోపలి ముక్కను తింటుంది. నలుపు, తెలుపు, పసుపు చారలతో, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములతో పెరుగుతుంది. జిల్లేడు విషంతో ఎదిగిన ఆ సీతాకోకచిలుకను పక్షులు సాధారణంగా ముట్టవు. అదే జిల్లేడు పువ్వుకు నల్లటి పెద్ద తుమ్మెద వస్తుంది. ఎండుకొమ్మకు బెజ్జం చేసి గూడు కట్టుకునే ఆ తుమ్మెదే కంది పూత మీదా వాలుతుంది. జిల్లేడునూ ఎండుకొమ్మనూ ఊడ్చేస్తే నష్టం కందిచేను దాకా వస్తుంది.

మన పండుగల సంగతీ చూడండి. వినాయక చవితి పత్రిలోని ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రేగు ఇలాంటి బీడు నేలల్లో పెరిగేవే. బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు కూడా అంతే. తంగేడు మన రాష్ట్ర పుష్పం. ఊరి పొలిమేరలో తెంపుకొచ్చే ఆ పువ్వును ఇప్పుడు బజారులో కట్టకింతని కొంటున్నాం.

దున్నని శ్మశాన నేల విలువను వేరే దేశాలవాళ్లు ముందే గ్రహించారు. అమెరికాలోని ఇల్లినాయిలో ఒకప్పుడు సగానికి పైగా గడ్డి మైదానమే. ఉక్కు నాగలి వచ్చాక అది దాదాపు అంతా పంటచేలైపోయింది. మేలైన మైదానం వెయ్యో వంతు కూడా మిగల్లేదు. మిగిలినదాంట్లో కొంత తొలితరం వలసదారుల శ్మశానాల్లో ఉంది. వెస్టన్ అనే ఐదెకరాల శ్మశానాన్ని ఆ గడ్డి కోసమే రక్షిత స్థలంగా ఉంచారు. లండన్‌లో 1841లో తెరిచిన టవర్ హామ్లెట్స్ శ్మశానంలో 1966లో ఖననాలు ఆపేశారు. అది ఇప్పుడు ప్రకృతి రక్షిత స్థలం.

పాముల మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దారి పొడవునా, సమాధుల చుట్టూ, చితి దగ్గర గడ్డి కోసి దీపం పెడితే ఆ భయం చాలావరకు తీరుతుంది. కంచె వెంబడి పొద ఉన్నంతమాత్రాన ఎవరికీ ఇబ్బంది లేదు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ పెరిగితే ఊరుకోవాలా అంటే, అక్కర్లేదు, వేళ్లతో సహా తీసేయాలి. అయితే మట్టి తిరగేసిన ఖాళీ నేల మీదికి మొదట ఎగబడేది ఆ వయ్యారిభామే. ఇక చదును చేసిన చోట్ల నాటిందేమిటి? చాలాచోట్ల కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, పచ్చగా కనిపిస్తుంది. అయినా ఆ మొక్క నాటడాన్ని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. తంగేడు పీకి కోనోకార్పస్ పెట్టడానికి ప్రజల సొమ్ము ఖర్చుపెట్టడం ఏం సుందరీకరణ?

అధికారులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కట్టడాలకూ దారికీ కావలసినంత నేలనే చదును చేయాలి. ప్రహరీ వెంబడి కొన్ని గజాలు వదిలేయాలి. తొర్రలున్న పాత చెట్లను కొట్టకూడదు. గడ్డిమందు వాడకుండా కొడవలితో కోయించాలి. సమాధుల పండుగకూ, షబ్-ఎ-బరాత్‌కూ సమాధులు, దారులు శుభ్రం చేస్తే చాలు, మిగతా చోట తంగేడు, గునుగు గింజ రాలేదాకా ఆగాలి. నీడ కావాలంటే వేప, కానుగ, రావి నాటాలి.

ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీని వేయాలి. ఊళ్లోని మొక్కలు, జంతువులు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి.  కాటికాపరినీ, మందుమొక్కలు తెలిసిన ముసలివాళ్లనూ, బడిపిల్లలనూ వెంటబెట్టుకుని కమిటీ సభ్యులు ఒక్క పూట శ్మశానంలో తిరిగితే రిజిస్టరులో చాలా పేజీలు నిండుతాయి. ఆ పేజీలు రాసేదాకా ఏ శ్మశానంలోనూ చదును పనికి బిల్లు మంజూరు చేయవద్దని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
జనగామ జిల్లా