పారిస్‌లో మనూరి రాయి

పారిస్ వెళ్తున్నామని చెప్పగానే చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఒకటే... ‘ఈఫిల్ టవర్ ఎక్కుతారా?’ అని. అమరావతి చుట్టుపక్కల వాళ్లనైతే ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ‘మనూరి రాయిని చూసొస్తారా?’

ఈఫిల్ టవర్‌కి నడిచివెళ్లేంత దూరంలోనే, ఇయెనా కూడలిలో గీమే మ్యూజియం ఉంది. ఆసియా కళలకు ఐరోపాలో ఉన్న పెద్ద మ్యూజియాల్లో అదొకటి. అందులో కృష్ణ ఒడ్డున చెక్కిన శిల్పాలున్నాయి. మూడ్రోజుల్లో పారిస్ అంతా చుట్టేయాలనుకునే మన టూరు బృందాలు ఆ గుమ్మం ముందునుంచే వెళ్లిపోతాయి. బస్సు ఆగదు. గైడుకి అమరావతి తెలీదు. మనవాళ్లకు గీమే తెలీదు.

కొడుకో కూతురో అక్కడ చదువుకుంటున్నారనో, పాతికేళ్ల పెళ్లిరోజుకి పిల్లలు టిక్కెట్లు కొనిచ్చారనో ఇప్పుడు గుంటూరు, నరసరావుపేటల నుంచి కూడా పారిస్ ప్రయాణాలు పెరిగాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఆ ఊరు కాస్త బెదురు పుట్టిస్తుంది. ఇంగ్లిషు రాకపోవడం కాదు అక్కడ ఇబ్బంది, వచ్చినా పనికిరాకపోవడం! కానీ ఒక్క మాట పట్టుకుంటే సగం ఊరు మనదైపోతుంది. ఆ మాట ‘బోఁజూర్’.

అదేదో మర్యాద కోసం చెప్పే నమస్కారం అనుకుంటే పొరపాటు. రొట్టెల దుకాణంలోకి వెళ్లినా, బస్సెక్కినా, మందులషాపులో నిలబడినా ముందు బోఁజూర్ అనాలి. తర్వాతే పని. నేరుగా ‘వాటర్ బాటిల్ ఎంత?’ అని అడిగితే అవతలివాళ్ల ముఖం మాడిపోతుంది. పారిస్ వాళ్లకి పొగరెక్కువని తిరిగొచ్చి చెప్పేవాళ్లలో చాలామంది ఈ ఒక్క మాట మర్చిపోయినవాళ్లే. పల్నాడులో ఎవరింటికైనా వెళ్లి, ‘బాగున్నారా వదినా’ అనకుండా తిన్నగా చేబదులు అడిగితే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది. పొద్దు గూకాక ‘బోఁస్వార్’. కొన్నా కొనకపోయినా బయటికొచ్చేటప్పుడు ‘మెర్సి’.

పలకడం కష్టమేమో అన్న సంకోచం మనకు అక్కర్లేదు. ముక్కుతో పలికే ఆ ‘ఓఁ’, ‘ఆఁ’లు ఇంగ్లిషువాళ్లకి నోరు తిరగవు గానీ, అరసున్న ఉన్న భాష మనది. బళ్లో వదిలేసిన ఆ అరసున్నని పారిస్‌లో వాడుకోవచ్చు. ఇంకో సుఖం కూడా ఉంది. ఫ్రెంచిలో ‘మీరు’, ‘నువ్వు’ వేరువేరు. కొత్తవాళ్లని ‘వూ’ అనాలి, ‘త్యు’ అంటే చనువు. అందరికీ ఒకే ‘యూ’ వాడేవాళ్లకి ఇది తలనొప్పి. అత్తగారిని మీరనీ, మరదల్ని నువ్వనీ పిలిచే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ మాటకొస్తే తెలుగువాళ్లకి ఫ్రెంచి మరీ పరాయిది కూడా కాదు. 1753లో ఉత్తర సర్కార్లు బుస్సీ చేతికొచ్చాయి. 1759లో మచిలీపట్నం ఇంగ్లిషువాళ్ల పరమయ్యేదాకా ఈ తీరాన ఫ్రెంచి మాట చెల్లింది. బందరులో ఫ్రెంచిపేట పేరు ఇంకా మిగిలే ఉంది. యానాం అయితే 1954 దాకా వాళ్ల ఏలుబడిలోనే ఉంది.

ఇక సామాను సంగతి. పెట్టె సర్దేటప్పుడే తెలియాల్సింది ఒకటుంది. ఐరోపా యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే ఇంట్లో కాచిన నెయ్యి, కోవా, మాంసం పచ్చడి విమానాశ్రయంలోనే చెత్తబుట్ట పాలు. నెయ్యి పూసిన పూతరేకులకూ గ్యారంటీ లేదు. తాజా కరివేపాకు, మామిడికాయలు కూడా కుదరవు. ‘మా అమ్మాయికి ఇష్టమండీ’ అంటే అక్కడి కస్టమ్స్ వాళ్లు కరగరు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ లాంటివైతే గట్టిగా సీలు చేయించి చెక్-ఇన్ పెట్టెలో వేసుకోవాలి. చేతిసంచిలో పెట్టిన ఆవకాయ జాడీలో నూనె ఉందని సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. అంతకన్నా కన్నీళ్లు తెప్పించే దృశ్యం విమానాశ్రయంలో ఇంకోటి ఉండదు.

శాకాహారులకు పారిస్ కష్టమనేది పాత మాట. అయితే అక్కడ కొందరి లెక్కలో చేప మాంసం కాదు. అందుకే శాకాహారం అని ఊరుకోకుండా ‘సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ’ అనాలి. మాంసం లేకుండా, చేప లేకుండా అని. భోజనాల వేళలు కూడా మన చేతిలో ఉండవు. చాలా హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, మళ్లీ రాత్రి ఏడు దాటాకే వంటిల్లు తెరుస్తారు. మూడున్నరకి ఆకలేస్తే రొట్టెల దుకాణమే దిక్కు. ఆ దిక్కు మంచిదే. పొయ్యిలోంచి అప్పుడే తీసిన బాగెత్ రొట్టె, చేతిసంచిలోని కారప్పొడి... ఫ్రెంచివాళ్లు చూస్తే ఏమంటారో గానీ, తిన్నవాళ్లు మాత్రం ఏమీ అనరు. హోటల్లో మంచినీళ్లకి డబ్బు పెట్టక్కర్లేదు. ‘ఉన్ కరాఫ్ దో’ అంటే కూజాతో కుళాయినీళ్లు తెచ్చిపెడతారు. ఆ నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. బిల్లులో సర్వీసు కలిసే ఉంటుంది కాబట్టి టిప్పు గురించి బెంగ వద్దు.

అన్నం మీద గాలి మళ్లితే గార్ ద్యు నోర్ రైల్వేస్టేషన్ వెనక లా షపెల్ ప్రాంతానికి వెళ్లాలి. అక్కడున్నవి ఎక్కువగా శ్రీలంక తమిళుల దుకాణాలు. దోసె, ఇడ్లీ, సాంబారు, మునక్కాడలు, కొబ్బరికాయలు, పూలదండలు... ఐదు నిమిషాలు నడిస్తే యూరప్‌లో ఉన్నామన్న సంగతే మర్చిపోతారు. 1985లో వెలసిన మాణిక్య వినాయకుడి గుడి ఇప్పుడు దగ్గర్లోనే, పజోల్ వీధిలో ఉంది. వినాయకచవితి రోజుల్లో రథం కదిలితే పారిస్ రోడ్ల మీద వందలాది కొబ్బరికాయలు పగులుతాయి. ఆ వేళకి అక్కడుంటే ఈఫిల్ టవర్‌ని ఇంకోరోజు చూసుకోవచ్చు.

పారిస్‌ని ఇరవై వార్డులుగా విడగొట్టారు. మధ్యలో మొదలై నత్తగుల్ల చుట్టలా తిరుగుతూ బయటికెళ్తాయి. చిరునామాలో పిన్‌కోడ్ చివరి రెండంకెలు చూస్తే ఏ వార్డో తెలిసిపోతుంది. అన్నిటికీ మెట్రో ఉంది. 1900లో మొదలైంది కనుక దాని గొప్పా తప్పూ రెండూ వయసే. చాలా స్టేషన్లలో లిఫ్టుండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఆ మెట్లు ఎక్కించి దించితే సాయంత్రానికి ఇంట్లో పేచీ ఖాయం. వాళ్లకి బస్సు మేలు, కిటికీలోంచి ఊరూ కనిపిస్తుంది. టిక్కెట్లు నింపుకునే నావిగో ఈజీ కార్డు మనిషికొకటి ఉండాలి. ఒకే కార్డుతో ఇంటిల్లిపాదీ గేటు దాటాలనుకుంటే కుదరదు. లోపల తనిఖీకి వచ్చేవాళ్లు జరిమానా రాస్తారు, ‘తెలీదండీ’ అంటే వినరు. విమానాశ్రయంలో ఎదురొచ్చి ‘టాక్సీ, టాక్సీ’ అనేవాళ్ల వెంట వెళ్లకూడదు. అసలు టాక్సీలకు ప్రత్యేకంగా వరసుంటుంది. అక్కణ్నుంచి ఊళ్లోకి నిర్ణీత ఛార్జీయే తీసుకుంటారు.

జేబుదొంగల గురించి ఎంత చెప్పినా తక్కువే. మెట్రోలో, టవర్ కింద, మోఁమార్త్ గుట్ట మెట్ల దగ్గర వాళ్లకి పండగే. అట్టముక్క చేతబట్టి ‘సంతకం పెట్టండి’ అనే పిల్లలు, చేతికి రంగుదారం కట్టబోయే కుర్రాళ్లు ఎదురైతే నవ్వి ముందుకు సాగిపోవాలి. పాస్‌పోర్టు గదిలో పెట్టి, నకలు వెంట ఉంచుకుంటే నయం. మెడలో నానుతాడు, చేతులకి ఆరేసి గాజులు ఆ ఊళ్లో చూసేవాళ్లుండరు, చూసేవాళ్లుంటే మంచిది కాదు.

ఈఫిల్ టవర్‌కి టిక్కెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే గంటల క్యూ తప్పుతుంది. 2024 ఫిబ్రవరిలో అక్కడ మన యూపీఐతో చెల్లించే ఏర్పాటు వచ్చింది. 2019లో కాలిపోయిన నోత్రదామ్ చర్చి 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. ఇక మంగళవారం ప్రయాణం వద్దనే నాయనమ్మల మాట పారిస్‌లో అక్షరాలా నిజం. లూవ్ర్, గీమే రెండూ మంగళవారం మూసే ఉంటాయి. గీమేలో నెల మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం.

ఎమిల్ గీమే అనే లియోఁ నగర పారిశ్రామికవేత్త తన సేకరణను పారిస్‌కి తెచ్చి 1889లో ఈ మ్యూజియం తెరిచాడు. ఈఫిల్ టవర్ లేచింది కూడా ఆ ఏడాదే. భారతదేశపు శిల్పాలు కింది అంతస్తులోనే ఉంటాయి, మెట్లెక్కే పని లేదు. ‘ఆఁద్’ అంటే ఇండియా. ఆ మాటతో పాటు అమరావతి పేరు చెబితే దారి చూపిస్తారు.

చూడాల్సిన రాళ్లలో ఒకటి మారుడి దాడి. రెండో శతాబ్దపు పని. మారుడి సైన్యం మీద పడుతుంటుంది. ఎదురుగా బుద్ధుడు ఉండాలి కదా... ఉండడు. ఖాళీ ఆసనం ఉంటుంది. అప్పటి శిల్పులు చాలాచోట్ల బుద్ధుణ్ని మనిషిగా చెక్కకుండా ఆసనంగా, పాదాలుగా, చెట్టుగా చూపించారు. ఇంత గొడవ జరుగుతున్నా ఆ ఖాళీ ఆసనం మాత్రం నిశ్చలంగా ఉంటుంది. పిల్లలకి చూపించి ‘బుద్ధుడెక్కడో కనుక్కోండి’ అంటే పది నిమిషాలు కదలరు. అందరూ పాలరాయి అంటారు గానీ అది సున్నపురాయి. పల్నాటి రాయి.

అది అక్కడికెలా చేరిందన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. అమరావతి స్తూపం కథే ఒక చెదిరిన సంసారం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కట్టిస్తుంటే, ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డాయి. చెక్కిన పలకలు కట్టడాలకి వాడేసుకున్నారు. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, కొన్ని 1859లో లండన్‌కి ఓడెక్కాయి. లండన్‌లో కొన్ని, చెన్నైలో కొన్ని, పారిస్‌లో కొన్ని. దిన్నె దగ్గర మిగిలింది మాత్రం పెద్ద వలయం, దాని చుట్టూ కొన్ని పలకలు.

ఫ్రెంచివాళ్ల కథ కాస్త వేరు. పుదుచ్చేరిలో పాఠాలు చెప్పిన జూవో దుబ్రెయ్ అనే పండితుడు దక్షిణాది గుళ్లూ స్తూపాలూ కాళ్లరిగేలా తిరిగాడు. పల్నాడులోని గోలి ఊళ్లో 1926లో స్తూపం శిల్పాల్ని వెలికితీసింది ఆయనే. ఆ శిల్పాల్లో కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. మన కళ గురించి ఫ్రెంచిలో రాసి ప్రపంచానికి చెప్పినందుకు ఆయనకి దండం పెట్టాలి. అదే సమయంలో, ఊరి రాయి ఊళ్లో లేకుండా పోయినందుకు బాధా కలుగుతుంది. రెండూ నిజమే. తిరిగి ఇచ్చేయాలని అడిగే హక్కు మనకుంది. అయితే ఆ మాట అనేవాళ్లు ఎంతమంది అమరావతిలో ఉన్నవాటిని చూశారన్నది వేరే ప్రశ్న. అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, పులిహోర ప్యాకెట్టు పట్టుకుని, మ్యూజియం గేటు ముందునుంచే కార్లు తిరిగిపోతాయి. పారిస్‌లో టూరు బస్సు చేసేదీ అదే కదా!

అందుకే వీసాకి అప్లికేషన్ పెట్టగానే ముందు చేయాల్సిన పని, పిల్లల్ని తీసుకుని ఓ పూట అమరావతి వెళ్లిరావడం. గుంటూరు నుంచి గంట ప్రయాణం. అక్కడి పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పద్మాలు, పూర్ణఘటం, దండలు మోసే మరుగుజ్జులు, పలకల మీద చెక్కిన స్తూపం బొమ్మ... ఇవన్నీ ఒకసారి కంట్లో పడితే చాలు. రెండు నెలల తర్వాత పారిస్‌లో, తెలియని జనం మధ్య, గాజు తలుపు తోసుకుని లోపలికెళ్లగానే ఇంట్లో చిన్నపిల్లే ముందు గుర్తుపడుతుంది. ‘నాన్నా, ఇది మన దగ్గరదే’ అని. ఆ పిల్లకి చరిత్ర పాఠం వేరే చెప్పక్కర్లేదు.

లోపల ఫ్లాష్ వేయకుండా ఫొటో తీసుకోవచ్చు. తాతయ్య పక్కన నిలబడితే ఇంకా మంచిది. వెనక పలకలో ఎవరో ఏనుగెక్కి వెళ్తుంటారు, ముందు పంచెకట్టులో ఆయన. బయటికొచ్చాక మెట్రో ఎక్కకుండా ట్రొకాదేరో వైపు నడవాలి, పావుగంట కూడా పట్టదు. జూన్‌లో అయితే రాత్రి పదింటికి గానీ చీకటి పడదు కాబట్టి వెంట ఓ శాలువా, చేతిసంచిలో నాలుగు జంతికలు ఉండాలి. చీకటి పడ్డాక ప్రతి గంటకీ టవర్ ఒంటినిండా దీపాలు ఐదు నిమిషాలపాటు మిలమిలా మెరుస్తాయి. కింద సెయిన్ నది పారుతుంటుంది. అక్కడ కృష్ణకి కుడి ఒడ్డున చెక్కిన రాయి ఇక్కడ సెయిన్‌కి కూడా కుడి ఒడ్డునే ఆగిందని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. వెనక్కి వెళ్లడానికి 9వ నంబరు మెట్రో ఉంటుంది. రద్దీలో సంచి ముందువైపు పట్టుకోవడం మర్చిపోకూడదు.