మూడేళ్లు తప్పవు.. జీతం ఊసే లేదు
నల్లకోటు తొలినాళ్లలో యువ న్యాయవాదుల ఎదురీత

బడంగ్‌పేట్: ఉదయం తొమ్మిదిన్నర కాగానే బడంగ్‌పేట్, మీర్‌పేట, జిల్లెలగూడ దారుల్లో ఎల్‌బీనగర్ వైపు సాగే ద్విచక్ర వాహనాలపై తెల్లచొక్కా, మెడపట్టీ, మడిచి పెట్టుకున్న నల్లకోటు కనిపించడం పరిపాటి. పదిన్నరకల్లా వీరంతా రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయంలో ఉండాలి. కేసు పిలిచేసరికి సీనియర్ మరో కోర్టులో ఉంటే పాస్‌ఓవర్ అడగాలి. కుదరకపోతే వాయిదా కోరాలి. న్యాయమూర్తి మందలిస్తే తలవంచుకుని వినాలి. సాయంత్రం కక్షిదారు నిలదీస్తే సర్దిచెప్పాలి. ఇన్ని సమాధానాలు చెప్పేవారు, నెల తిరిగేసరికి చేతికి వచ్చేదెంత అని ఇంట్లో అడిగితే మాత్రం మాట దాటవేస్తారు.

న్యాయవాద వృత్తిలో ఒత్తిడిని తట్టుకోవడం ఎలా అన్న అంశంపై ఎక్కడ సదస్సు జరిగినా ధైర్యం, ధ్యానం, వ్యాయామం గురించి చెబుతుంటారు. అవి మంచివే. అయితే ఈ ప్రాంతపు జూనియర్లను ఓడిన కేసు కన్నా ముందుగా కుంగదీసేది ఇంటి అద్దె. నిబ్బరం మనిషి స్వభావంలోనే ఉంటుందనుకుంటే అది లేనివారు వృత్తిని వదిలి వెళ్లడం సహజమనిపిస్తుంది. వెళ్లిపోతున్నవారిలో ఎక్కువమంది తొలితరం పట్టభద్రులేనన్నది గమనిస్తే, లోపం స్వభావంలో కన్నా ఏర్పాట్లలోనే ఉందని అర్థమవుతుంది. తండ్రో, మేనమామో న్యాయవాదిగా ఉన్న యువకుడికి కూర్చునే కుర్చీ, పుస్తకాల బీరువా, నలుగురు పాత కక్షిదారులు మొదటి రోజే దక్కుతారు. ఊళ్లో రెండెకరాలు అమ్మి చదివించిన కుటుంబం నుంచి వచ్చినవారికి అవేవీ ఉండవు.

పొలాలు వెంచర్లయ్యాయి.. వెంచర్లు దావాలయ్యాయి

ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉన్న బడంగ్‌పేట్ 2019లో నగరపాలక సంస్థ హోదా పొందింది. పొలాలు వెంచర్లయ్యాయి. వెంచర్లు దావాలయ్యాయి. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మిన వివాదాలు, అన్నదమ్ముల భాగపంపిణీలు, కొనుగోలు ఒప్పందం చేసుకుని రిజిస్ట్రేషన్ చేయని వ్యవహారాలు ఈ ప్రాంతం నుంచి ఎల్‌బీనగర్ కోర్టులకు చేరుతూనే ఉన్నాయి. పని లేదని ఎవరూ అనలేరు. ఆ పని ఎవరి చేతుల్లో ఉందన్నదే ప్రశ్న.

ఉన్న పని కూడా ఒక్కోసారి ఉన్నచోట ఉండదు. 2022 జూన్ 2న రాష్ట్రంలో 33 జ్యుడీషియల్ జిల్లాలు అమల్లోకి వచ్చాయి. ఉమ్మడి రంగారెడ్డి నుంచి మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాద్ విడిపోయాయి. కక్షిదారులకు కోర్టు దగ్గరైంది, అది ఆహ్వానించదగినదే. ఎల్‌బీనగర్‌నే నమ్ముకున్న చిన్న న్యాయవాదులకు మాత్రం ఫైళ్లు మూడు దిక్కులకు చెదిరిపోయాయి. హైకోర్టులో ప్రయత్నిద్దామనుకునేవారికి ఎల్‌బీనగర్ నుంచి మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లడం 2018 సెప్టెంబరు నుంచి సులువైంది. ఇక ఆ హైకోర్టుకే రాజేంద్రనగర్ ప్రాంతంలో కొత్త భవనాల కోసం 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. బడంగ్‌పేట్‌లో అద్దెకుండే జూనియర్లు ఆ దారి లెక్కలు అప్పుడే వేసుకోవడం మొదలుపెట్టారు.

ఉత్తర్వు ఉంది.. ఒత్తిడి లేదు

వృత్తిలోకి ప్రవేశించే ఖర్చు విషయంలో కొంత ఊరట లభించింది. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం నమోదు రుసుముగా సాధారణ అభ్యర్థుల నుంచి రూ.750కి, ఎస్సీ, ఎస్టీల నుంచి రూ.125కి మించి వసూలు చేయరాదు. అంతకుముందు పలు రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పేర్లతో వేలల్లో వసూలు చేసేవి.

ప్రవేశించిన తర్వాతి బతుకు మాటేమిటి? 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిల్ ఒక సర్క్యులర్ జారీ చేసింది. పట్టణాల్లో జూనియర్లకు నెలకు రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు తగ్గకుండా ఇవ్వాలని సీనియర్లను కోరింది. అంతకు కొద్ది నెలల ముందు దిల్లీ హైకోర్టు ఇచ్చిన ఆదేశమే దీనికి మూలం. అయితే ఇది సూచన మాత్రమే. చిన్న సీనియర్లకు తమ రాబడే అంతంత మాత్రమని, జూనియర్‌కు రూ.20 వేలు ఎక్కడి నుంచి తెచ్చేదని అడిగేవారున్నారు. ఆ మాటలోనూ నిజం లేకపోలేదు. మునిసిఫ్ కోర్టులో ఇంజంక్షన్ దావాలు నడిపే న్యాయవాదిని, పెద్ద కంపెనీల తరఫున వాదించే న్యాయవాదిని ఒకే గాటన కట్టి ఉత్తర్వు రాస్తే, మొదటివారు ఇవ్వలేరు, రెండోవారిని అడిగేవారుండరు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం 'లా నేస్తం' పేరిట తొలి మూడేళ్ల జూనియర్లకు నెలకు రూ.5 వేలు ఇచ్చే పథకం ప్రారంభించింది. మొత్తం చిన్నదే. కానీ ఆ డబ్బు సీనియర్ దయాదాక్షిణ్యాలతో నిమిత్తం లేకుండా జూనియర్ ఖాతాలో పడేలా రూపొందింది. తెలంగాణలో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో న్యాయవాదుల సంక్షేమానికి రూ.100 కోట్లు కేటాయించారు. జూనియర్లకు కావలసింది ఆపద వచ్చినప్పుడు అందే సాయం మాత్రమే కాదు, ప్రతి నెలా చేతికందే భృతి.

తీర్పు తెచ్చిన కొత్త చిక్కు

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి నియామకాలకు కనీసం మూడేళ్ల న్యాయవాద అనుభవం ఉండాలన్న నిబంధనను పునరుద్ధరించింది. 2002లో ఎత్తివేసిన షరతు ఇది. కళాశాల నుంచి నేరుగా న్యాయపీఠంపై కూర్చున్నవారికి కోర్టు వ్యవహారం తెలియడం లేదన్నది ప్రధాన కారణం. అది కాదనలేనిది. సాక్షిని ఎన్నడూ ప్రశ్నించని వ్యక్తి సాక్ష్యం విలువ తూచడం కష్టమే.

అయితే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ పరీక్షకు సిద్ధమయ్యే పట్టభద్రుల లెక్క ఒక్క తీర్పుతో తలకిందులైంది. ఏడాదో రెండేళ్లో చదివి ఉద్యోగం సాధిస్తామని ఇంట్లో చెప్పినవారు, ఇప్పుడు మూడేళ్లు కోర్టుకు తిరగక తప్పదని చెప్పాల్సి వచ్చింది. అమ్మాయిల విషయంలో ఈ మూడేళ్లు పెళ్లి సంబంధాల ఒత్తిడితో ముడిపడతాయి. అనుభవం ఉన్నట్లు ధ్రువపత్రం ఇవ్వాల్సింది పదేళ్లకు తక్కువ కాని అనుభవమున్న న్యాయవాది, దానిపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం ఉండాలి, లేదా ఆ కోర్టు న్యాయాధికారే ఇవ్వాలి. జీతం అడగాల్సిన మనిషి, సంతకం అడగాల్సిన మనిషి చాలాచోట్ల ఒక్కరే. ఈ స్థితిలో ఏ జూనియర్ నోరు తెరిచి డబ్బు అడగగలరు?

వైద్య విద్యార్థులకూ చదువు చివర ఏడాది హౌస్‌సర్జన్‌గా పనిచేయడం తప్పనిసరి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఆ ఏడాదికి ప్రభుత్వమే స్టైపెండ్ ఇస్తోంది. కొలువుకు అర్హతగా నిర్బంధించిన శిక్షణ కనుక దాని భారం వ్యవస్థ మోస్తోంది. న్యాయాధికారి కొలువుకు మూడేళ్ల ప్రాక్టీసును అర్హత చేసినప్పుడు అదే న్యాయం ఇక్కడా వర్తించాలి కదా అన్న ప్రశ్నకు బదులు లేదు.

ఓడిన సాయంత్రం

డబ్బు సంగతి అలా ఉంచితే, ఓటమి ఈ వృత్తిలో నిత్యకృత్యం. ప్రతి దావాలో ఒక పక్షం ఓడక తప్పదు. అయినా తొలి ప్రతికూల తీర్పు జూనియర్లను నిద్రపోనివ్వదు. తనను నమ్మి వచ్చిన ముసలి రైతు కోర్టు మెట్లపై కూలబడిపోతే ఏ పుస్తకం ఓదార్చలేదు.

ఈ దశను దాటినవారు అనుసరించే పద్ధతి చాలా మామూలుది. తీర్పు వచ్చిన రోజునే ధ్రువీకృత నకలుకు దరఖాస్తు పెడతారు. సివిల్ వ్యవహారాల్లో జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. నకలు పొందేందుకు పట్టిన రోజులను లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ మినహాయిస్తుంది. అందుకే ఏడ్చేముందు దరఖాస్తు పెట్టాలని పాతతరం గుమస్తాలు సైతం చెబుతుంటారు. నకలు చేతికందాక తీర్పును పూర్తిగా చదివి, ఓటమి దస్తావేజు లేకపోవడం వల్లనా, సాక్షి తడబాటు వల్లనా, తన వాదనలో లోపం వల్లనా అని విడదీస్తారు. తన లోపమైతే రాసుకుంటారు. కాకపోతే కక్షిదారుకు తీర్పులోని పేరా చూపి వివరిస్తారు. మనసులో గింగిరాలు తిరిగే నింద కాగితంపైకి వస్తే సగం బరువు తగ్గుతుంది.

వకాలత్ తీసుకునే రోజున జరిగే పొరపాటే పెద్ద చిక్కు. కేసు తప్పక గెలుస్తామని మాట ఇచ్చినవారికి ఓటమి రెట్టింపు అవుతుంది. గెలిస్తే ఇంత వాటా అన్న ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. ఆ నిషేధం కక్షిదారు రక్షణకే కాక న్యాయవాది మనశ్శాంతికీ పనికొస్తుందని తొలినాళ్లలో ఎవరికీ తట్టదు.

సీనియర్, జూనియర్ ఒకే బెంచీపై

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకి రావడంతో ముప్పయ్యేళ్ల అనుభవజ్ఞులూ మళ్లీ విద్యార్థులయ్యారు. హత్యకు 302 పోయి 103 వచ్చింది. మోసానికి 420 పోయి 318 వచ్చింది. పాత చట్టంలో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టివేయాలని కోరే పిటిషన్. కొత్త చట్టంలో అదే సంఖ్య ముందస్తు బెయిల్‌ది. జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక రెండూ గుర్తుంచుకోవాలి. ఈ గందరగోళంలో లాభపడింది జూనియర్లే. కొత్త సెక్షన్లు చదివి వచ్చినవారిని సీనియర్లు పక్కన కూర్చోబెట్టుకుని అడగడం మొదలైంది. ఒక తరానికి ఎదురుదెబ్బగా తోచింది మరో తరానికి తలుపు తీసింది.

చెప్పుకోని బాధ

వృత్తిలో భయం కూడా ఉంది. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులను నడిరోడ్డుపై పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో ఎల్‌బీనగర్‌కు కూతవేటు దూరంలోని చంపాపేటలో ఒక న్యాయవాది హత్యకు గురయ్యారు. న్యాయవాదుల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలన్న డిమాండు ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా బలంగా వినిపిస్తుంది.

అమెరికాలో దాదాపు 13 వేల మంది న్యాయవాదులపై జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. వారిలో 28 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు, ప్రతి అయిదుగురిలో ఒకరికి ప్రమాదకర స్థాయిలో మద్యం అలవాటు ఉన్నట్లు తేలింది. వృత్తిలో అడుగుపెట్టిన తొలి పదేళ్లలోనే మద్యం సమస్య ఎక్కువగా ఉండటం గమనార్హం. అక్కడ జీతాలున్నా పరిస్థితి ఇది. ఇక్కడ బలహీనంగా కనిపిస్తే కక్షిదారులు రారన్న భయంతో ఎవరూ నోరు విప్పరు. నిద్ర పట్టకపోవడం, కోర్టు పేరు వింటేనే గుండెదడ, ఫోన్ తీయబుద్ధి కాకపోవడం వంటివి వారాల తరబడి కొనసాగితే వైద్యుడిని కలవాల్సిందే. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆంధ్రకేసరి వెనుక ఒక ఉపాధ్యాయుడు

ఎదురుదెబ్బలు తిన్న న్యాయవాది అనగానే తెలుగువారికి టంగుటూరి ప్రకాశం పంతులు గుర్తుకొస్తారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో భోజనశాల నడిపి పోషించారు. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా పేరు తెచ్చుకున్నా తృప్తిపడక ఇంగ్లండు వెళ్లి బారిస్టరై మద్రాసులో సంపాదించారు. స్వాతంత్య్రోద్యమం కోసం దాన్నీ వదులుకున్నారు. గుండె నిబ్బరానికి ఆయనను మించిన ఉదాహరణ లేదంటారు. అయితే ఆ కథలో ఇమ్మనేని హనుమంతరావునాయుడు అనే ఉపాధ్యాయుడి పాత్రను చాలామంది మరిచిపోతారు. చదువు ఆగిపోయే దశలో ఆ కుర్రాడిని చేరదీసి, వెంట రాజమండ్రికి తీసుకెళ్లి చదివించింది ఆయనే.

ఎల్‌బీనగర్‌లోనూ అలాంటి సీనియర్లు లేకపోలేదు. చిన్న ఫైలును పూర్తిగా జూనియర్‌కు వదిలి, వాదన వెనుక కూర్చుని వినేవారు, ఫీజులో కొంత అక్కడికక్కడే చేతిలో పెట్టేవారు ఉన్నారు. న్యాయసేవాధికార సంస్థల ఆధ్వర్యంలోని డిఫెన్స్ కౌన్సిల్ విధానంలో నెలవారీ గౌరవ వేతనంతో నిందితుల తరఫున వాదించే అవకాశమూ ఉంది. పోస్టులు కొద్ది. ముగ్గురు నలుగురు జూనియర్లు కలిసి బడంగ్‌పేట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, ఒకే కంప్యూటరు, ఒకే ప్రింటరుపై ఇ-ఫైలింగ్ చేసుకుంటూ, ఒకరి వాయిదాకు మరొకరు హాజరవుతూ నెట్టుకొస్తున్న తీరు కనిపిస్తోంది. ఒకరికి జ్వరమొస్తే కేసు ఎక్స్‌పార్టీ కాకుండా కాపాడుతున్నది ప్రస్తుతానికి ఈ గదులే.