‘చైతన్యం లేదు’ అని రాసేముందు

స్త్రీలు రాజకీయాల్లోకి ఎందుకు రావడం లేదన్న ప్రశ్న మన సమావేశాల్లో వచ్చిందంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: చైతన్యం లేదు. నివేదికల్లో నేనూ ఎన్నోసార్లు రాశాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

మా అక్క అమెరికాలో, అట్లాంటా శివార్లలో ఉంటుంది. ఎమ్మే చదివింది. పౌరసత్వం వచ్చిన పదేళ్లకు గానీ ఓటు వెయ్యలేదు. వాళ్ల వీధిలో ‘ఓటేశావా?’ అని అడగడం జీతమెంత అని అడిగినంత మర్యాద తక్కువ. అక్కడి నల్లజాతి పేటల్లోనేమో ఎన్నికల ముందు ఆదివారం ప్రార్థన కాగానే చర్చి నుంచి కలిసికట్టుగా ఓటింగుకు వెళ్లే ఆచారముంది. రానివాళ్లను ఎందుకు రాలేదని అడుగుతారు. మా అక్కకు చదువుతో రాని చైతన్యం వాళ్లకు పుట్టుకతో వచ్చిందా?

రాలేదు. జాతి వివక్ష వాళ్లను ఒకే పేటలోకి నెట్టింది. అక్కడే ఈ కట్టుబాటును వాళ్లు నిలబెట్టుకున్నారు, అదీ ఎక్కువగా ఆడవాళ్లు. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రే, జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు తన కాలేజీలో వేల కరపత్రాలు సైక్లోస్టైల్ తీసింది. బస్సుల బహిష్కరణ 381 రోజులు నడిచింది. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి ఇరుగుపొరుగు స్త్రీలను కూడగట్టి, వండినవి అమ్మించి ఉద్యమానికి డబ్బిచ్చింది. ఉద్యోగం పోగొట్టుకుంది. అలాంటి పేటలో బస్సెక్కిన మనిషి పక్కింటావిడకు మొహమెలా చూపిస్తుంది? (మైకు ముందు మాత్రం మగవాళ్లే. అదీ మరవొద్దు.)

పాలకులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పోలింగు కేంద్రానికి 150 అడుగుల లోపు, వరుసలో నిలబడ్డ ఓటర్లకు బయటివాళ్లు తిండి, నీళ్లు ఇవ్వడాన్ని 2021లో జార్జియా రాష్ట్రం నేరం చేసింది. గంటల తరబడి నిలబడాల్సి వచ్చేది ఎక్కువగా ఏ పేటలవాళ్లో వేరే చెప్పాలా?

మన ఫారంలో ‘చైతన్య స్థాయి’ అని ఒక గడి ఉంది. అది తీసేసి, ‘ఈ వాడలో మీటింగుకు రమ్మని ఎవరు ఎవర్ని పిలుస్తారు? వెళితే ఆ రోజు కూలి ఎవరికి పోతుంది?’ అని పెడదామని పోయిన సమావేశంలో అడిగాను. నిధులిచ్చేవాళ్లు ఒప్పుకోరన్నారు. మళ్లీ అడుగుతున్నాను.