బిగించకూడని వదులు

నేను చదివింది మెకానికల్, చేసేది జావా. మనలో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. థియరీ ఆఫ్ మెషీన్స్ పరీక్షలో యాకర్‌మన్ స్టీరింగ్ బొమ్మ గీసి మార్కులు కొట్టేశాను గానీ, స్టీరింగ్ బాక్స్ అనే వస్తువుని చేత్తో పట్టుకున్నది మాత్రం ఇరవయ్యెనిమిదో ఏట, ఆన్‌సైటుకని ఇంగ్లండు వచ్చాకే.

కవెంట్రీలో నేను అద్దెకుంటున్న ఇంటాయన దగ్గర 1959 నాటి ట్రయంఫ్ టీఆర్3ఏ ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఈ ఊరి కారే. ఊళ్లో ఉన్న కాన్లీ ఫ్యాక్టరీలో 1980లో కార్ల తయారీ ఆపేశారు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవమంటారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాదు, కాబట్టి ఇక్కడ కూడా పెద్దాయనే. సెప్టెంబరులో మనవరాలి పెళ్లి. పెళ్లికూతుర్ని ఆ కార్లోనే తీసుకెళ్లాలని ఆయన పంతం. స్టీరింగ్‌లో ప్లే ఎక్కువైందని బాక్స్ విప్పారు. "ఇంజనీరువి కదా, ఓ చెయ్యి వెయ్యి" అన్నారు. ఏ ఇంజనీరునో ఆయనకి తెలీదు పాపం :)

ముందు ఆ బాక్స్ సంగతి. ఇప్పటి కార్లలో ఉండే ర్యాక్ అండ్ పినియన్ కాదిది (అది 1961లో టీఆర్4తో వచ్చింది). స్టీరింగ్ కడ్డీ చివర మరలాగా గాడి తిరిగిన ఉక్కు ముక్క ఉంటుంది. ఆ గాడిలో మొన తేలిన పెగ్గు ఒకటి కూర్చుంటుంది. చక్రం తిప్పితే పెగ్గు గాడి వెంట జరుగుతుంది, దానితోపాటు రాకర్ షాఫ్ట్ ఊగుతుంది, దాని చివరి డ్రాప్ ఆర్మ్ టైర్లని లాగుతుంది. సర్దుబాట్లు రెండే. కింద మూత దగ్గర పల్చటి షిమ్ములు, కడ్డీ ముందుకీ వెనక్కీ ఆడకుండా. పైన ఒక స్క్రూ, పెగ్గు గాడిలోకి ఎంత లోతు దిగాలో చెప్పడానికి. ఇంతే!

ఇంతే అనుకునే నేను దొరికిపోయాను. కొత్త బుష్షు, కొత్త సీలు వేసి, బాక్స్‌ని బెంచి వైస్‌లో బిగించి అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక చివరికి వెళ్లేసరికి పెగ్గు లొడలొడలాడుతోంది. ఇదేగా ప్లే అంటే అని, అక్కడే స్క్రూ తిప్పి, వదులు పోయిందాకా బిగించి, లాక్ నట్టు వేసేశాను. చూడముచ్చటగా ఉంది. పెద్దాయనతో "అయిపోయిందండీ" అన్నట్టుగా బొటనవేలు చూపించాను.

కారుకి ఎక్కించి వీధి చివరిదాకా వెళ్లామో లేదో, మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కి రాలేదు. నేరుగా ఉండాల్సిన చోట పట్టేస్తోంది. కొంచెం బలంగా లాగితే అవతలివైపు ఎక్కువ పోతోంది. గంటకి పదిహేను మైళ్ల దగ్గర అది నవ్వులాట. అరవై దగ్గర, పక్కన పెళ్లికూతురు ఉండగా?

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఈ దేశంలో కార్లకి ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. 2018 మే నుంచి నలభయ్యేళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకి అది అక్కర్లేదన్నారు. అంటే మా పని చూసి తప్పు పట్టేవాడు ఎవడూ లేడు. టెస్టింగ్ టీము లేని రిలీజు. నేను చూపించిన బొటనవేలే సైన్-ఆఫ్. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తర్వాతి రెండు వారాంతాలూ మనం ఆఫీసులో చేసే పనే చేశాం. అంటే, అనుమానం వచ్చినవన్నీ ఒకేసారి మార్చేశాం. టైర్లలో గాలి పెంచాం, ముందు చక్రాల దగ్గర గ్రీజు కొట్టాం. నేనైతే బేరింగులు బిగుసుకున్నాయేమోనని కింద మూత విప్పి ఒక షిమ్ము అదనంగా వేశాను. కొంచెం నయమైంది. ఈ "కొంచెం నయం" ఉంది చూశారూ, దానంత మోసకారి ఇంకోటి లేదు.

చివరికి మొదట చేయాల్సిన పని చేశాం. డ్రాప్ ఆర్మ్ దగ్గర లింకు విడదీసి, చక్రం తిప్పి చూశాం. టైర్లతో సంబంధం లేకుండానే పట్టేస్తోంది. అంటే తప్పు బాక్స్‌లోనే. పై స్క్రూ వదులు చేస్తే పట్టు పోయింది, కానీ ఇప్పుడు కడ్డీ ముందుకీ వెనక్కీ ఆడుతోంది. అది నేను వేసిన షిమ్ము పుణ్యం. స్క్రూ బిగింపు కింద ఆ రెండో తప్పు దాక్కుంది.

అప్పుడు పెద్దాయన వర్క్‌షాప్ మాన్యువల్ తెచ్చారు. (ముందే తేవచ్చుగా అనకండి, నేనే అడగలేదు.) చక్రాలు నేరుగా ఉన్న స్థితిలోనే స్క్రూ సర్దాలని ఒక్క వాక్యం. కారణం ఆలోచిస్తే బుర్ర తిరిగింది. కారు బతుకంతా ఎక్కువగా నేరుగానే పోతుంది కాబట్టి గాడి మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది. అందుకని గాడిని మధ్యలో బిగువుగా, చివర్లలో వదులుగా కోశారు. మధ్య అరిగాక స్క్రూ బిగించినా చివర్లలో పట్టేయకుండా ఉండాలని! నేను తప్పనుకుని పోగొట్టిన ఆ లొడలొడ, కావాలని వదిలిందే.

నాకు వెంటనే మా పాత బిల్లింగ్ ప్రాజెక్టు గుర్తొచ్చింది. కోడ్‌లో ఒకచోట రెండు సెకన్లు ఊరికే ఆగుతోంది. ఎవడో తెలివితక్కువవాడు రాశాడని తీసేశాను, రివ్యూలో మెచ్చుకున్నారు కూడా. అవతలి సిస్టమ్ రికార్డు రాసుకోవడానికి ఆ రెండు సెకన్లూ కావాలని ప్రొడక్షన్‌లో తెలిసింది. కోడ్ నాకు బాగానే అర్థమైంది. అది ఎందుకలా ఉందో అడగాలని మాత్రం తోచలేదు. మనం "క్లీనప్" పేరుతో చేసే పనుల్లో సగం ఇలాంటివేనని నా అనుమానం. ఒప్పుకోని వాళ్లు ఒప్పుకోకపోయినా, నా మాట నాది.

సరే, బాక్స్ మళ్లీ విప్పాం. ఈసారి వరస తప్పలేదు. పై స్క్రూ పూర్తిగా వదులు చేసి ముందు షిమ్ములు సరిచూశాం, కడ్డీ ఆడకూడదు, కానీ వేళ్లతో తిప్పితే తిరగాలి. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరకి చుట్లు లెక్కపెట్టి, సగం దగ్గర ఆపి, అక్కడ సన్నగా పట్టు తెలిసేదాకా మాత్రమే స్క్రూ తిప్పాం. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటు తిరిగిపోతుంది, స్క్రూడ్రైవరుతో గట్టిగా పట్టుకోవాలి. ఇదొక్కటీ మూడుసార్లు చేయాల్సొచ్చింది. నూనె ఈపీ 90. కారుతోందని గ్రీజు కుక్కేవాళ్లున్నారట, గ్రీజు ఒకసారి పక్కకి జరిగితే మళ్లీ గాడిలోకి రాదు.

ఇప్పుడు మలుపు తిరిగాక చక్రం తనే వెనక్కొస్తోంది. అయినా మొన్న పెద్దాయన తాళాలు నాకిచ్చి, తను పక్క సీట్లో కూర్చుని, "బిగించింది నువ్వు, ముందు నువ్వే నడుపు" అన్నారు. నలభై మైళ్లు దాటలేదు నేను. గ్యారేజీలో బాక్స్ కింద ఇంకా చుక్క చుక్క నూనె పడుతూనే ఉంది, కింద పాత బేకింగ్ ట్రే పెట్టారు. పెళ్లికి మూడు వారాలుంది. ఈ ఆదివారం లింకు విడదీసి మళ్లీ ఒకసారి చూస్తాను.