‘ఆత్మరక్షణ’ అంటే సరిపోదు.. కోర్టులో తేలాల్సిందే! ఎన్‌కౌంటర్లపై తీర్పులు చెప్తున్నదేంటి?

2015 ఏప్రిల్ మొదటి వారం. ఉమ్మడి నల్గొండ జిల్లా అంత తేలిగ్గా మర్చిపోలేని వారం అది. సూర్యాపేట బస్టాండ్‌లో అర్ధరాత్రి తనిఖీ చేస్తున్న పోలీసులపై దుండగులు కాల్పులు జరిపారు. ఓ కానిస్టేబుల్, ఓ హోంగార్డు చనిపోయారు. 4న జానకీపురంలో ఎదురుకాల్పులు. ఇద్దరు దుండగులు, ఓ కానిస్టేబుల్ మృతి. తీవ్రంగా గాయపడ్డ ఎస్సై సిద్ధయ్య 7న కన్నుమూశారు.

సరిగ్గా అదే రోజు ఆలేరు దగ్గర మరో ఘటన. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న వికారుద్దీన్ సహా ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో హతమయ్యారు. తుపాకులు లాక్కోబోయారన్నది పోలీసుల మాట. బేడీలతోనే ఉన్న మృతదేహాల ఫొటోలు బయటికొచ్చాయి. ప్రభుత్వం సిట్ వేసింది.

జానకీపురంలో అవతలివాళ్ల చేతుల్లో తుపాకులున్నాయి. ఆలేరులో చనిపోయినవాళ్లు పోలీసుల కస్టడీలోనే ఉన్నారు. మరి ఏది ఆత్మరక్షణో తేల్చేదెవరు?

2009లోనే ఉమ్మడి ఏపీ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ దీనికి జవాబిచ్చింది. ఎన్‌కౌంటర్ మరణంపై కేసు పెట్టాల్సిందే, ఆత్మరక్షణను విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అంది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే మార్గదర్శకాలు పెట్టింది. ఎఫ్ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ టీమ్‌తో దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు.

మరి పోలీసులకున్న రక్షణ సంగతేంటి? పాత సీఆర్పీసీ 197, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 218 ప్రకారం డ్యూటీలో చేసిన పనికి ఉన్నతాధికారులపై కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. డ్యూటీలో హద్దు కాస్త దాటినా ఈ రక్షణ ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బూటకపు ఎన్‌కౌంటర్ డ్యూటీ కిందకే రాదు. కొత్త చట్టంలో ఇంకో మార్పు: 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే.

కాగితం మీద అంతా బాగానే ఉంది. 2019 దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్‌లో ఆత్మరక్షణ వాదన నమ్మశక్యంగా లేదని, 10 మంది పోలీసులపై హత్య కేసు నడపాలని సిర్పూర్కర్ కమిషన్ సిఫార్సు చేసింది. 2022 మేలో ఆ వ్యవహారాన్ని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. నివేదిక ఇవ్వడం వేరు, విచారణ జరగడం వేరు.

విచారణ అంటే పోలీసులకు శిక్ష అనుకోనక్కర్లేదు. నిజంగా ప్రాణాలకు తెగించి పోరాడినవాళ్లకు అది మచ్చలేని గుర్తింపు. విచారణే లేకపోతే జానకీపురం, ఆలేరు రెండింటినీ జనం ఒకే గాటన కట్టేస్తారు. అప్పుడు నష్టపోయేది సిద్ధయ్యలాంటి పోలీసులే.