మైల ఎవరిది?

1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆయన తాగాక ఆ చెరువులో పేడా, ఆవు మూత్రం కలిపిన కుండలు దిమ్మరించి ‘శుద్ధి’ చేశారు. నీళ్ల మీద ఈ దేశానికున్న జ్ఞానం అది!

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. ఎంతమంది పోయారన్న దగ్గరే పేచీ పడ్డారు. ఉప ముఖ్యమంత్రి వచ్చి తలో లక్ష ప్రకటించారు.

పట్నంలో పేదల వీధులకు మాత్రం భద్రతేముంది? విజయనగరమైనా శ్రీకాకుళమైనా కుళాయి రాని పూట నుయ్యే దిక్కు. లోతులేని నుయ్యి, పక్కనే మరుగుదొడ్డి గొయ్యి. వానలకి నేలలో నీరు పైకొచ్చిందంటే గొయ్యీ నుయ్యీ ఒకటే. నీరు తేటగానే ఉంటుంది, వాసన కూడా రాదు. 100 మిల్లీలీటర్లలో ఒక్క ఇ.కోలై క్రిమి కూడా కనబడకూడదని ప్రభుత్వ ప్రమాణం. కంటికి కనబడేదైతే గదా!

“గొయ్యి పక్కన నుయ్యి ఎవడు తవ్వమన్నాడు?” అంటారు బాబులు. సెంటున్నర జాగాలో 15 మీటర్ల ఎడం ఎక్కణ్ణించి తెమ్మంటారు? తరాలుగా ఊరి పీతి ఎత్తింది రెల్లి చేతులు. ఆ చేయి తగిలితే నుయ్యి మైలన్నారు. అదే పీతి రెల్లివీధి నూతిలో దిగితే మాత్రం మైల కాదు, ‘వాళ్ల అపరిశుభ్రత’!

వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ప్రతి వీధి నూతి నీరూ పరీక్ష చేయాలి. ఫలితం ఆ నూతి దగ్గరే తెలుగులో రాసి పెట్టాలి. ఇంటింటికీ కుళాయి వచ్చేదాకా బ్లీచింగ్ వేసే పూచీ మునిసిపాలిటీదే. అందాకా నీళ్లు తెర్లకాచి తాగండి. కట్టెల ఖర్చు ఎవరిదని కూడా అడగండి.