బడిలోకి నల్లకోటు రావలసిందే

చదువుకునే పిల్లలకు చట్టాలెందుకు అనే అభిప్రాయం మన సమాజంలో ఎంత లోతుగా నాటుకుపోయిందో, ఒక న్యాయవాది "మీ బడికి వచ్చి ఉచితంగా పాఠం చెబుతాను" అన్నప్పుడు బయటపడుతుంది. హెడ్మాస్టరు గారు మర్యాదగానే "పరీక్షలు దగ్గరపడ్డాయండీ, తర్వాత చూద్దాం" అంటారు. స్టాఫ్ రూములో మాట కాస్త సూటిగా వస్తుంది: "హక్కులు నేర్పితే రేపు మన మీదికే వస్తారు." తల్లిదండ్రులు మరింత సూటిగా అడుగుతారు: "మా పిల్లకు కోర్టు గొడవలెందుకు సార్? ఆ గంటలో నాలుగు లెక్కలు చెప్పించండి." ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడనే సామెత వింటూ పెరిగినవాళ్లం మనం. వాయిదాల మీద వాయిదాలు, చేతి చమురు వదిలించే కేసులు చూసిన పెద్దల భయానికి కారణాలు లేకపోలేదు. అయితే ఆ భయాన్ని తెచ్చి పిల్లల చదువుకు అడ్డంగా పెట్టడం అన్యాయం.

చట్టాన్ని పిల్లలకు దూరంగా ఉంచుతున్నామని అనుకునేవారు ఒక్క సంగతి గమనించాలి. చట్టం ఇప్పటికే పిల్లల జీవితంలోకి వచ్చేసింది. పదహారేళ్ల కుర్రాడు నాన్న బండి తీసుకుని సెంటరుకు వెళ్లి ఎవరినైనా గుద్దితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ కుర్రాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. వాట్సాప్ గ్రూపులో తోటి అమ్మాయి ఫొటోను మార్చి పెట్టిన పిల్లవాడి ఇంటికి పోలీసులు వస్తారు. మీ పాఠశాలలో సివిక్స్ పీరియడ్ పూర్తయిందా అని అప్పుడు ఎవరూ అడగరు. చట్టంలో శిక్షించే సగం ఎవరి అనుమతీ లేకుండానే పిల్లల దగ్గరికి వెళ్తోంది. మనం అడ్డుకుంటున్నది రక్షించే సగాన్ని మాత్రమే.

ఆ రక్షించే సగంలో ఏముందో పెద్దల్లోనే చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉచిత న్యాయ సహాయం పొందడానికి అర్హుల జాబితాలో పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇంటి ఆదాయం ఎంతన్న ప్రశ్నే రాదు. చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లల్ని పోలీస్ లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. లైంగిక నేరానికి గురైన పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలని, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదని, సాధ్యమైనంత వరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారే ఉండాలని పోక్సో చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. నోరు విప్పితే పరువు పోతుందని, స్టేషన్ చుట్టూ తిప్పుతారని వణికిపోతున్న పదమూడేళ్ల అమ్మాయికి ఈ ఒక్క సెక్షన్ తెలియడం ఎంత ధైర్యం! ఇది ఆమె కోసమే రాసిన చట్టం. తెలియాల్సింది ముందుగా ఆమెకే.

ఇక అభ్యంతరాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

హక్కులు నేర్పితే క్రమశిక్షణ పోతుందన్నది మొదటిది. ఈ మాట అనేవారు క్రమశిక్షణకు బెత్తాన్నే ఆధారం చేసుకున్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. పిల్లలకు ఈ సెక్షన్ తెలియకూడదని కోరుకోవడమంటే, చట్టాన్ని ఉల్లంఘించే వెసులుబాటు మాకు మిగలాలని కోరుకోవడమే. పాఠం బాగా చెప్పే ఉపాధ్యాయుడికి ఆ సెక్షన్ వల్ల పోయేదేమీ లేదు.

హక్కు తెలిసిన పిల్లలు మర్యాద తప్పుతారనడానికి చరిత్రలోనూ ఆధారం లేదు. 1985లో కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గుర్ని బడి నుంచి పంపేశారు. ఒకరు పది, ఒకరు తొమ్మిది, ఒకరు ఐదో తరగతి. జాతీయ గీతం పాడుతున్నప్పుడు వాళ్లు అందరితో పాటు లేచి నిలబడేవారు, కానీ తమ మతవిశ్వాసం ప్రకారం గొంతు కలిపేవారు కాదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోమంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా న్యాయ విద్యార్థులందరూ చదివే ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. గౌరవంగా నిలబడిన పిల్లలు దేశాన్ని అవమానించలేదని, పాడి తీరాలని నిర్బంధించే చట్టమేదీ లేదని ఆయన తేల్చిచెప్పారు. ఆ పిల్లలు బెంచీలు విరగ్గొట్టలేదు, ఉపాధ్యాయుణ్ని తిట్టలేదు. ఇంటి పెద్దల అండతో కోర్టును ఆశ్రయించి, తీర్పు కోసం ఎదురుచూశారు. ఇంతకంటే క్రమశిక్షణ ఏముంటుంది?

1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా పెట్టిన ఖద్దరు ప్రదర్శనలో పద్నాలుగేళ్ల వలంటీరు దుర్గాబాయి, టికెట్ లేదని నెహ్రూనే గేటు దగ్గర ఆపింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఈ కథను మనం వందేళ్లుగా మెచ్చుకుంటూ చెప్పుకుంటున్నాం. ఎనిమిదేళ్లకే తనకు చేసిన పెళ్లిని కాదని బయటికొచ్చిన ఆ అమ్మాయే తర్వాత న్యాయవాది అయింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. నిబంధన అందరికీ ఒక్కటే అన్న నమ్మకం ఆమెకు పద్నాలుగేళ్లకే ఉంది. దుర్గాబాయి పుట్టాలి గానీ మా బడిలో మాత్రం వద్దు అంటే ఎలా?

సాంఘిక శాస్త్రం పుస్తకంలో రాజ్యాంగం ఉందిగా, మళ్లీ లాయర్లెందుకన్నది రెండో అభ్యంతరం. పుస్తకంలో ఉంది, నిజమే. ప్రాథమిక హక్కులెన్ని అంటే పిల్లలు టక్కున చెబుతారు, నాలుగు మార్కులూ తెచ్చుకుంటారు. అసలు ప్రశ్న మార్కుల దగ్గర ఆగదు. ఒక తొమ్మిదో తరగతిలో బాల్య వివాహాల గురించి చెబుతుండగా చివరి వరసలో అమ్మాయి లేచి నిలబడి అడిగింది: "మా అక్కకు పదహారేళ్లకే చేసేశారు సార్. పెళ్లయిపోయింది కాబట్టి ఇంకేం చేయలేమా?" క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. వాళ్ల పుస్తకంలో ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 అన్న అంకెలున్నాయి. పెళ్లి జరిగిపోయాక ఏమిటన్నది లేదు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లిని రద్దు చేయమని మీ అక్క జిల్లా కోర్టును కోరవచ్చు, మేజరైన తర్వాత రెండేళ్ల లోపు కూడా ఆ అవకాశం ఉంటుంది, ఇప్పుడే వేయాలంటే ఆమె తరఫున పెద్దవాళ్లెవరైనా బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి వేయాలి అని చెబితే, ఆ అమ్మాయి నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంది. "జిల్లా కోర్టంటే ఎక్కడుంటుంది సార్? డబ్బులెంత కట్టాలి?" అని మళ్లీ అడిగింది. ఈ రెండు ప్రశ్నలకూ ఏ పాఠ్యపుస్తకమూ జవాబు చెప్పదు. రోజూ ఆ కోర్టు మెట్లెక్కే మనిషి చెప్పగలడు.

న్యాయవాది బడికి రావలసింది ఇందుకే. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఏం చేయాలి? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం తీవ్రమైన నేరం ఏ ఊళ్లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. ఈ మూడు ముక్కలు తెలిసిన పిల్లలున్న ఇంట్లో నాన్న స్టేషన్ గుమ్మం దగ్గర రోజంతా పడిగాపులు కాయనక్కర్లేదు. మన పల్లెల్లో ఫోన్లో మెసేజ్ చదివిపెట్టేది, బ్యాంకు ఫారం నింపేది బడికెళ్లే పిల్లలే. అర్జీ రాయడం కూడా వాళ్లకు నేర్పితే ఇల్లంతా బాగుపడుతుంది.

లాయర్లు కేసుల కోసం, ఫొటోల కోసం వస్తారన్నది మూడో మాట. కేసుల సంగతికి జవాబు తేలిక. కేసులు వెతుక్కుంటూ వెళ్లడాన్ని, ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తున్నాయి. అలా చేస్తే ఫిర్యాదు చేయవచ్చు. ఫొటోల సంగతి మాత్రం ఒప్పుకుని తీరాలి. న్యాయ విజ్ఞాన సదస్సుల పేరుతో చాలాచోట్ల జరుగుతున్నది చూడండి. ఎండలో పిల్లల్ని వరసగా కూర్చోబెడతారు. వెనక ఫ్లెక్సీ, ముందు మైకు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఆహ్వానితుల పేర్లు చదవడానికే అరగంట. తర్వాత ఒకరు లేచి పోక్సోలో ఎన్నేళ్ల శిక్ష, ర్యాగింగ్‌కు ఎన్నేళ్ల శిక్ష, మత్తుమందులకు ఎన్నేళ్ల శిక్ష అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. చట్టమంటే భయం ఉండాలి అని ముగిస్తారు. పిల్లలు చప్పట్లు కొట్టి తరగతులకు వెళ్లిపోతారు. ఒక్క ప్రశ్న కూడా రాదు.

ఈ తరహా సదస్సును సమర్థించడం నా ఉద్దేశం కాదు. చట్టమంటే భయపడాలని చెప్పడం వల్ల భయపడేది నేరం చేసినవాడు కాదు, నేరానికి గురైన పిల్లలు. తమ మీద జరిగింది చెబితే తమనే శిక్షిస్తారేమోనని వాళ్లు నోరు నొక్కుకుంటారు. దానికి విరుగుడు సదస్సులు మానేయడం కాదు, మైకు వదిలేసి తరగతి గదిలోకి రావడం. 1972లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ న్యాయ విద్యార్థులు నగరంలోని హైస్కూళ్లకు వెళ్లి 'స్ట్రీట్ లా' పేరుతో మొదలుపెట్టిన పని ఇదే. అద్దె ఇల్లు, కొన్న వస్తువు, ఆపిన పోలీసు వంటి రోజువారీ సమస్యలను పిల్లల ముందుంచి, వాళ్ల చేతే వాదింపజేశారు. ఆ పద్ధతి 1980లలో దక్షిణాఫ్రికాకు పాకింది. వర్ణవివక్ష చట్టాలే రాజ్యమేలుతున్న దేశంలో, న్యాయమైన చట్టం ఎలా ఉండాలో బడిపిల్లలు చర్చించారు. మన లా కాలేజీలన్నీ న్యాయ సహాయ కేంద్రాలు నడపాలన్న నిబంధన 2008 నుంచి ఉంది. ఆ విద్యార్థుల్ని దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు పంపడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.

నాలుగోది వృత్తి గురించిన చులకన. ఇంజనీరింగ్ రానివాడు, డాక్టరు సీటు రానివాడు లా చదువుతాడన్న మాట మన ఇళ్లలో పిల్లల ముందే అంటాం. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి చదివిస్తే, సెకండ్ గ్రేడ్ ప్లీడరై, లండన్ వెళ్లి బారిస్టరై తిరిగొచ్చిన టంగుటూరి ప్రకాశం గారి నేల ఇది. అప్పట్లో పేదింటి పిల్లవాడికి పైకొచ్చే దారిగా కనిపించిన వృత్తి ఇప్పుడు పేద పిల్లలకు కనిపించడమే లేదు. హైదరాబాద్‌లో నల్సార్ వచ్చి పాతికేళ్లు దాటింది, విశాఖలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. వాటిలో చేరడానికి రాసే క్లాట్ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు ఉన్నాయని, లాసెట్ రాయవచ్చని తెలుగు మీడియం పిల్లలకు చెప్పేవారెవరు? చెప్పేవారు కష్టాన్నీ దాచకూడదు. మొదటి ఏళ్లలో సీనియర్ దగ్గర చేతికొచ్చేది తక్కువ. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసును 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. ఇవన్నీ తెలిసి ఎంచుకున్న పిల్లలు నిలబడతారు. పల్లెల నుంచి, కూలీల ఇళ్ల నుంచి జడ్జీలు, ప్రాసిక్యూటర్లు రాకపోతే కోర్టు సామాన్యుడికి ఎప్పటికీ పరాయి చోటుగానే మిగిలిపోతుంది.

కాబట్టి అడగవలసింది ఇది. ప్రతి బార్ అసోసియేషన్ తన పరిధిలోని ప్రభుత్వ పాఠశాలలను పంచుకోవాలి. ఒక న్యాయవాది ఒక బడికి ఏడాది పొడవునా నెలకో పీరియడ్ వెళ్లాలి. ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టాలి. మండల న్యాయ సేవాధికార సంస్థ ఆ పీరియడ్ జరిగిందో లేదో చూడాలి. పిల్లలు పేరు రాయకుండా ప్రశ్నలు వేసే పెట్టె ఒకటి తరగతిలో ఉండాలి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు రావాలి. బాలల హెల్ప్‌లైన్ 1098, న్యాయ సహాయానికి 15100 నంబర్లు గోడ మీద రాసి ఉండాలి. ఏడాది చివర ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక ఫిర్యాదు, ఒక సమాచార హక్కు దరఖాస్తు సొంతంగా రాయగలగాలి. ఎన్ని సదస్సులు పెట్టారని కాకుండా, ఎంతమంది పిల్లలు ఇది రాయగలుగుతున్నారని లెక్క అడగాలి.

చట్టం నాకు తెలియదు అన్న మాట ఏ కోర్టులోనూ చెల్లదు. పేదవాడు చెప్పినా చెల్లదు, నిన్న పద్దెనిమిది నిండిన కుర్రాడు చెప్పినా చెల్లదు. తెలియకపోవడాన్ని క్షమించని దేశం, తెలియజెప్పే పనిని పరీక్షల తర్వాత చూద్దామంటే కుదరదు. హెడ్మాస్టర్లారా, టైంటేబుల్‌లో ఆ ఒక్క పీరియడ్ ఈ ఏడాదే ఇవ్వండి. న్యాయవాదులారా, ఫ్లెక్సీ ఇంటి దగ్గరే వదిలి రండి.